డ్రమ్ములోకి టార్చి వేసి చూడండి

దసరా సెలవులు అయిపోయాక పిల్లల డాక్టర్‌నని నాకు వచ్చే ఉత్తరాల్లో సగం పిల్లల జ్వరాల మీదే ఉంటాయి. మిగతా చోట్ల వానలు తగ్గి చలి మొదలయ్యే వేళకు మన నెల్లూరు, ప్రకాశం తీరానికి అసలు వానలు వస్తాయి కదా, ఈశాన్య రుతుపవనం, దాని వెనకాలే ఒకటో రెండో వాయుగుండాలు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మనకిదే తంతు. అందుకే టీవీలో డెంగీ సీజన్ అయిపోయిందన్నా మన పిల్లలకు మాత్రం అవ్వదు. ఈసారి వచ్చిన వాటిలో ఆరు ఉత్తరాలు తీసుకున్నాను, కొన్నిటికి పొడుగ్గా రాశాను, కొన్నిటికి అంత అక్కర్లేదనిపించింది.

ప్రశ్న: మాది కనిగిరి దగ్గర పల్లె. వానల్లేవు, ఊళ్లో మురుక్కాలవ కూడా లేదు. వారానికోసారి ట్యాంకర్ వస్తే ఆ నీళ్లే పట్టి పెట్టుకుంటాం. ఇంత ఎండిపోయిన ఊళ్లో మా ఆరేళ్ల పాపకు డెంగీ అన్నారు. ఇప్పుడు తగ్గింది. పక్కింటి పిల్లలిద్దరికీ అదే వచ్చింది. మా అత్తయ్య రిపోర్టే తప్పంటోంది. నీళ్లు లేని చోట దోమ ఎక్కడి నుంచి వచ్చింది మేడమ్?
– ఒక తల్లి, కనిగిరి

జవాబు: అమ్మా, "ఆ నీళ్లే పట్టి పెట్టుకుంటాం" అని రాశారు చూడండి, అక్కడి నుంచే వచ్చింది.

డెంగీ దోమకు మురుగు పడదు. ఒంటి మీదా కాళ్ల మీదా తెల్ల చారలుండే ఆ ఏడిస్ దోమకు మనం వాడుకునే నీళ్లలాంటి మంచి నీళ్లే కావాలి, అవి కూడా నీడపట్టున కదలకుండా ఉండాలి. నీళ్ల కరువున్న ఊళ్లో ప్రతి ఇంటి ముందూ మూడు డ్రమ్ములు, ఒక సిమెంటు తొట్టి, బాత్రూంలో ఇంకో గాబు ఉంటాయి. పుష్కలంగా కొళాయి నీళ్లొచ్చే ఊళ్లో ఇన్ని ఉండవు. అందుకే కనిగిరి, పొదిలి వైపు ఎండిన పల్లెల నుంచి డెంగీ అని పిల్లల్ని తీసుకొస్తే నాకు ఆశ్చర్యం వెయ్యదు.

రాత్రి ఒక పని చెయ్యండి. ఫోన్ టార్చి వేసి డ్రమ్ములోకి అడ్డంగా చూడండి. సన్నటి దారపు ముక్కల్లా కొన్ని పైన వేలాడుతూ, వెలుగు పడగానే మెలికలు తిరుగుతూ కిందికి పోతాయి. అవే దోమ పిల్లలు. గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి ఏడు నుంచి పది రోజులు పడుతుంది. మీ ట్యాంకర్ వచ్చేదీ వారానికే, అంటే మీరు డ్రమ్ము పూర్తిగా ఖాళీ చెయ్యకుండా సగం నీళ్ల మీద కొత్త నీళ్లు పట్టేసరికి అక్కడ ఒక బ్యాచ్ దోమలు ఎగరడానికి సిద్ధంగా ఉంటాయన్నమాట.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఈ దోమ గుడ్లను నీళ్లలో వదలదు, నీటిమట్టానికి కాస్త పైన డ్రమ్ము గోడకు నల్ల చుక్కల్లా అంటిస్తుంది. ఆ గుడ్లు ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్లీ నీళ్లు తగిలిన రోజు పొదుగుతాయి. కాబట్టి నీళ్లు పారబోసి డ్రమ్ము బోర్లిస్తే సరిపోదు, కొబ్బరి పీచు తీసుకుని లోపలి గోడల్ని, ముఖ్యంగా అంచు కింద జానెడు మేర, గట్టిగా తోమాలి. పారబోయమంటే మీకు ప్రాణం ఉసూరుమంటుందని తెలుసు, ట్యాంకర్ నీళ్లు కదా. పారబోయొద్దు. ట్యాంకర్ వచ్చే రోజు పొద్దున మిగిలిన నీళ్లను పాత పంచె గుడ్డలో వడగట్టి బకెట్లలోకి తీసుకోండి, ఖాళీ డ్రమ్ము తోమండి, తరవాత కొత్త నీళ్లు పట్టండి. మూత లేకపోతే అదే పంచె మూతికి కట్టి తాడు బిగించండి, మధ్యలో కుంగి నీళ్లలో తడవకుండా చూసుకోండి. తోమడానికి వీల్లేని పెద్ద తొట్టి అయితే ఏఎన్ఎంకో ఆశా కార్యకర్తకో చెప్పండి, నీళ్లలో వేసే మందు ఉంటుంది, లేదా గంబూషియా చేపలు అడగండి, అవి ఈ పురుగుల్ని ఏరుకుని తింటాయి.

పక్కింటి పిల్లల సంగతి. ఈ దోమ ఎక్కువ దూరం ఎగరలేదు, పుట్టిన చోటి నుంచి 400 మీటర్లు దాటడం అరుదు. అంటే మీ దోమ వాళ్లదో, వాళ్ల దోమ మీదో. పోట్లాట పెట్టుకోకుండా రెండిళ్ల డ్రమ్ములూ ఒకే రోజు తోమండి. అత్తయ్యగారికి టార్చి మీరే ఇవ్వండి, రిపోర్టు సంగతి ఆవిడే మర్చిపోతారు.

ప్రశ్న: మేం నెల్లూరులో అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉంటాం. బాబు పుట్టినప్పటి నుంచి దోమతెర లేకుండా పడుకోబెట్టలేదు. సాయంత్రం ఆరింటికల్లా కిటికీలు మూసి, లిక్విడ్ మెషీన్ పెట్టేస్తాం. వీధిలో పొగ మందు కూడా కొడుతున్నారు. అయినా బాబుకి డెంగీ వచ్చి ఐదు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఇంకేం చెయ్యాలి? టెన్షన్‌తో చచ్చిపోతున్నాం.
– ఒక తండ్రి, వేదాయపాళెం

జవాబు: అయ్యా, మీరు చేసినవన్నీ మంచివే, కాకపోతే అన్నీ రాత్రి దోమకు చేశారు. మలేరియా దోమ, బోదకాలు తెచ్చే దోమ రాత్రి పూట కుడతాయి, వాటికి మీ కట్టుదిట్టం బాగా పనికొస్తుంది. డెంగీ దోమది పగటి డ్యూటీ. తెల్లారాక రెండు గంటలు, పొద్దుగూకే ముందు రెండు మూడు గంటలు దానికి బాగా ఆకలి. మీరు ఆరింటికి కిటికీ మూసేసరికి అది బాబు కాళ్ల దగ్గర భోజనం ముగించుకుని సోఫా వెనక కూర్చుని ఉంటుంది. సాయంత్రం నాలుగింటికే మూయండి, లేదా కిటికీలకు మెష్ వేయించండి. పగలు నిద్రపోయే పసిపిల్లలకు పగలే దోమతెర కట్టండి. పగలు తెర కట్టిన ఇల్లు నేను పదింట్లో ఒకటి కూడా చూడను.

ఇప్పుడు నా పరువు తీసుకునే సంగతి ఒకటి చెప్తాను. కొన్నేళ్ల కిందట మా మనవడికి డెంగీ వచ్చింది. పిల్లల డాక్టర్ని, ఊరందరికీ చెప్పేదాన్ని, మా ఇంట్లో తొట్టి లేదు, కుండీ లేదు, ఇదంతా బడిలో కుట్టించుకొచ్చాడని అందరితో అన్నాను. మా పనమ్మాయి ఫ్రిజ్ జరిపి ఊడుస్తూ, "అమ్మా, ఇదేంది ఇట్టా కదలతా ఉంది" అని వెనకాల ట్రే తీసి చూపించింది. అరగ్లాసు నీళ్లుంటాయేమో, దాంట్లో ముప్ఫై నలభై పురుగులు. ఫ్రిజ్ కొన్నాక ఆ ట్రే నేను ఒక్కసారి కూడా తియ్యలేదు, అక్కడ ఒక ట్రే ఉంటుందనే ధ్యాస లేదు. మీ ఇంట్లో ముందు అదే తీసి చూడండి. తరవాత ఏసీ నుంచి కారే నీళ్లు పట్టే బకెట్, కూలర్, సీసాలో పెట్టిన మనీప్లాంట్, వాడని బాత్రూం కమోడ్, డాబా మీద పారేసిన పెయింట్ డబ్బాలు, నీళ్ల ట్యాంకు పగిలిన మూత. మూడో అంతస్తు అని ధీమా వద్దు, అది లిఫ్టులో కూడా వస్తుంది, డాబా మీద పుట్టి కిందికీ దిగుతుంది.

పొగ మందు అంటారా, అది ఆ నిమిషంలో గాల్లో ఎగిరే దోమనే చంపుతుంది, నీళ్లలో ఉన్నదాన్ని ముట్టుకోదు. కేసులు ఎక్కువున్న వీధిలో దానికి పనుంది. బండి వచ్చి వెళ్లింది కదా అని మీరు నిశ్చింతగా కూర్చోవడానికి మాత్రం లేదు.

ప్రశ్న: నేను మా నాలుగు నెలల మనవడికి సాయంత్రం వేపాకు, సాంబ్రాణి పొగ వేస్తాను. ఉయ్యాలకు కర్పూరం మూట కడతాను. మా కోడలు వద్దని గొడవ. ఆమె మాత్రం ఏదో క్రీము రాస్తానంటోంది. మా పిల్లలందరినీ ఈ పొగలోనే పెంచాం. ఎవరి మాట కరెక్టో మీరే చెప్పండి.
– ఒక నాయనమ్మ, కోవూరు

జవాబు: పెద్దమ్మా, నన్ను మీ ఇంటి గొడవలోకి లాగారు. పొగ విషయంలో మీ కోడలి మాటే నిజం. పొగకు దోమ కాసేపు పక్కకు పోతుంది, కాదనను, కానీ నాలుగు నెలల బిడ్డ ఊపిరితిత్తులు ఆ పొగనంతా లాక్కుంటాయి, తలుపులు మూసిన గదిలో మరీను. కాయిల్ కూడా అంతే. ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంతని పరిశోధకులు కొలిచారు. ఇక చిల్లర కొట్లలో పేరూ ఊరూ లేని దోమల అగరబత్తీలు అమ్ముతున్నారు, వాటిని అసలు ఇంట్లోకే రానివ్వకండి, ఏ మందు కలిపారో ప్యాకెట్ మీద కూడా ఉండదు.

కర్పూరం మూట ఈ రోజే విప్పేయండి. బిడ్డ ఇంకో రెండు నెలల్లో చేతికందింది నోట్లో పెట్టుకుంటాడు, కొంచెం కర్పూరం కడుపులోకి పోయినా పసిపిల్లలకు ఫిట్స్ వస్తాయి. ముక్కు దగ్గర రాయడం కూడా వద్దు.

క్రీము గురించి కోడలికి చెప్పండి. రెండు నెలలు నిండని బిడ్డకు ఏ దోమల క్రీమూ వద్దు. మీవాడికి నాలుగు నెలలు కాబట్టి డాక్టర్‌కి చూపించి, డబ్బా మీద ఎన్నేళ్ల వాళ్లకో చదివి, బయటికి తీసుకెళ్లేటప్పుడు మాత్రమే కొంచెం. ముందు మీ చేతికి రాసుకుని దాంతో బిడ్డ కాళ్లకూ చేతులకూ పలచగా అద్దండి, అరచేతులకూ వేళ్లకూ వద్దు, ఎందుకంటే అవి తిన్నగా నోట్లోకే పోతాయి. కళ్ల దగ్గరా, పెదాల దగ్గరా, గాయాల మీదా వద్దు. ఇంటికి రాగానే సబ్బుతో కడిగెయ్యాలి. నీలగిరి నిమ్మ తైలం (లెమన్ యూకలిప్టస్) ఉన్నవి మూడేళ్ల లోపు పిల్లలకు పనికిరావు. నిజానికి ఈ వయసు బిడ్డకు అన్నిటికంటే మంచిది మీకు అలవాటైనదే, ఉయ్యాల మీద సన్నకన్నుల దోమతెర, ఒంటికి లేతరంగు పొడుగు చేతుల చొక్కా. వీటి మీద అత్తాకోడళ్లకు గొడవ రాదనుకుంటా.

మీది కోవూరు కాబట్టి ఒక మాట. చుట్టూ వరి మళ్లు. ఆ నిలిచిన నీళ్లలో పుట్టే క్యూలెక్స్ దోమలు వేరు, అవి సాయంత్రం చీకటి పడ్డాక తిరుగుతాయి, కొంగల నుంచీ పందుల నుంచీ మెదడువాపు వైరస్‌ను తెచ్చేది అలాంటివే. మెదడువాపుకు మందు లేదు, టీకా ఉంది. ఆ టీకా వేసే జిల్లాల్లో 9 నెలలు నిండాక ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య ఇంకొకటి ఇస్తారు. మనవడి టీకాల కార్డులో జేఈ, అంటే ఈ మెదడువాపు టీకా, అన్న గడి గురించి మీ ఏఎన్ఎంను అడగండి. పశువుల కొట్టం, పందుల దొడ్డి ఉంటే బిడ్డ పడుకునే గదికి దూరంగా ఉండాలి.

ప్రశ్న: మా ఎనిమిదేళ్ల బాబుకి జ్వరం వచ్చి నాలుగు రోజులు. డెంగీకి చేసే ఎన్ఎస్1 రక్తపరీక్ష పాజిటివ్. ఈ రోజు జ్వరం తగ్గింది, ప్లేట్‌లెట్లు మాత్రం 90 వేలకు వచ్చాయి. బొప్పాయి ఆకు రసం, దానిమ్మ, డ్రాగన్ ఫ్రూట్ ఇస్తున్నాం. ఊళ్లో డాక్టర్ నడుముకు ఇంజెక్షన్ చేస్తానన్నాడు. ప్లేట్‌లెట్లు ఎక్కించాలా? మీ జవాబు పత్రికలో వచ్చేసరికి ఆలస్యం అవుతుందని తెలుసు, అయినా రాస్తున్నాను.
– ఒక తల్లి, సింగరాయకొండ

జవాబు: ఆలస్యం అవుతుందనే మీకు విడిగా కబురు పంపించాను, బాబు లేచి తిరుగుతున్నాడని విని సంతోషం. మిగతా వాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాను, దయచేసి ఈ జవాబు కత్తిరించి ఫ్రిజ్‌కి అంటించుకోండి.

డెంగీలో జ్వరం తగ్గిన రోజే అసలు కనిపెట్టుకుని ఉండాల్సిన రోజు. మామూలు జ్వరంలో ఒళ్లు చల్లబడితే గండం గడిచిందనుకుంటాం, పిల్లాడిని స్నానం చేయించి బడికి పంపిస్తాం. డెంగీలో మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య, జ్వరం దిగే సమయంలోనే రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరడం మొదలవుతుంది. ఒళ్లు చల్లగా ఉండి పిల్లాడు నీరసంగా పడుకుంటే తగ్గిందనుకోకండి. కడుపులో విపరీతమైన నొప్పి, ఆగని వాంతులు, ముక్కు నుంచో చిగుళ్ల నుంచో రక్తం, నల్లటి విరేచనం, చేతులు కాళ్లు చల్లబడి చెమట్లు పట్టడం, చిరాకుగా దొర్లడం లేదా పిలిస్తే పలకనంత మత్తు, ఊపిరి వేగంగా తియ్యడం, ఆరు గంటలైనా మూత్రం పోయకపోవడం. వీటిలో ఒక్కటి కనపడినా అర్ధరాత్రి అని చూడొద్దు, 108కి ఫోన్ చేసి నెల్లూరో ఒంగోలో ఏది దగ్గరైతే అక్కడి పెద్దాసుపత్రికి వెళ్లిపోండి.

ప్లేట్‌లెట్ల మీద మన జనానికి ఉన్న భయం అంతా ఇంతా కాదు. లక్షన్నర ఉండాల్సినవి 90 వేలకు రాగానే చుట్టాలందరికీ ఫోన్లు, రక్తదాతల కోసం స్టేటస్‌లు. రక్తస్రావం లేని పిల్లాడికి 90 వేలకూ, 40 వేలకూ ఎక్కించాల్సిన పని లేదు. సాధారణంగా 10 వేల లోపుకు పడిపోతేనో, రక్తం కారుతుంటేనో ఆ ఆలోచన. అవి పడిపోయినంత తొందరగా వాటంతట అవే పెరుగుతాయి. డాక్టర్ చూసేది దాంతోపాటు హెమటోక్రిట్, అంటే రక్తం ఎంత చిక్కబడుతోంది అన్నది. అది పెరుగుతుంటే నీరు కారిపోతోందని అర్థం. రిపోర్టు చేతికొస్తే ఆ అంకె అడగండి.

బొప్పాయి ఆకు రసంతో పిల్లలకు ప్రాణాపాయం తప్పుతుందని రుజువు లేదు. చేదుకు పిల్లాడు వాంతి చేసుకుంటే తాగిన మజ్జిగ కూడా పోతుంది, నాకు అదే బాధ. దానిమ్మ రసం, బీట్‌రూట్, ఎర్ర డ్రాగన్ ఫ్రూట్ ఈ వారం వద్దు, వాంతి ఎర్రగా వస్తే అది రక్తమో రసమో మాకు తెలియక తల పట్టుకుంటాం. ఓఆర్ఎస్, గంజి, మజ్జిగ, కొబ్బరినీళ్లు, పప్పుకట్టు, ఏది తాగితే అది, గుక్కగుక్కగా రోజంతా.

జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే. కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, ఆరు గంటలకొకసారి, రోజుకు నాలుగు సార్లు మించకుండా. సిరప్ సీసా మీద 5 మి.లీ.లో 120 ఉందా, 250 ఉందా చూడండి, రెండూ దొరుకుతాయి, ఈ తేడా చూడక రెట్టింపు పోసిన తల్లిదండ్రులు నా దగ్గరికి వచ్చారు. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్, మెఫెనమిక్ యాసిడ్, వీటిలో ఏదీ వద్దు, రక్తస్రావం పెరుగుతుంది. నడుముకు సూది కూడా అందుకే వద్దు, గుచ్చిన చోట లోపల రక్తం గడ్డ కడుతుంది. వైరస్‌కు యాంటీబయాటిక్ పని చెయ్యదు.

ఇంకా ఒకటుంది. జ్వరం మొదలైన మొదటి ఐదు రోజులు పిల్లాడిని పగలు కూడా దోమతెరలోనే ఉంచండి. ఆ రోజుల్లో అతన్ని కుట్టిన దోమే, ఎనిమిది నుంచి పన్నెండు రోజుల తరవాత, మీ చిన్నదాన్ని కుడుతుంది. ఒకసారి వచ్చింది కదా ఇక రాదు అనుకోవద్దు, డెంగీ వైరస్‌లు నాలుగు రకాలు, ఇంకో రకంతో రెండోసారి వస్తే మొదటిసారి కంటే గట్టిగా రావచ్చు.

ప్రశ్న: నేను హైస్కూల్ టీచర్‌ని. మా బడిలో వారానికి నలుగురైదుగురు పిల్లలు జ్వరమని మానేస్తున్నారు. మేం ఏం చెయ్యగలం?
– ఒక ఉపాధ్యాయిని, ఒంగోలు

జవాబు: టీచర్ గారూ, దోమ కుట్టే వేళల్లో పిల్లలు ఉండేది మీ దగ్గరే, కాబట్టి చాలా చెయ్యగలరు. ఎలాగూ శుక్రవారం ఫ్రైడే డ్రైడే అని, అంటే నిలవ నీళ్లు తీసేసి ఆరబెట్టే రోజని, మన ఆరోగ్యశాఖ చెప్తూనే ఉంది, ఆ రోజు చివరి పీరియడ్ బయటికి తీసుకెళ్లండి. చేతులు కడిగే తొట్టి, మధ్యాహ్న భోజనం దగ్గరి డ్రమ్ము, మూల పడేసిన టైర్లు, విరిగిన బెంచీల గొట్టాలు, కొత్త గది స్లాబు మీద క్యూరింగ్‌కి కట్టిన నీళ్లు. పురుగు కనిపెట్టినవాడికి ఒక చాక్లెట్ ఇవ్వండి, ఇల్లు కూడా వాడే గాలిస్తాడు. యూనిఫాం నిక్కరు, గౌను ఉన్న చిన్న తరగతులకు ఈ మూడు నెలలు ఫుల్ ప్యాంటు, పొడుగు సాక్సులు వేసుకునే వీలు ఇమ్మని హెడ్‌మాస్టర్‌ని అడగండి. ఈ దోమ బెంచీ కింద చీకట్లో కూర్చుని చీలమండల దగ్గరే కుడుతుంది.

ప్రశ్న: డాక్టర్ ఆంటీ, నేను తొమ్మిదో తరగతి. ఫోన్లో యాప్ ఆన్ చేస్తే మనకు వినపడని సౌండ్‌కి దోమలు పారిపోతాయంట. నిజమా? చేతికి దోమల బ్యాండ్ కొనుక్కోవచ్చా? దోమలు నన్నే ఎందుకు ఎక్కువ కుడతాయి? మా తాత చికెన్ తింటేనే చికెన్‌గున్యా వస్తుందంటాడు.
– ఒక విద్యార్థి, కావలి

జవాబు: అబ్బయ్యా, నాలుగు ప్రశ్నలు ఒకే కార్డు మీద ఇరికించావు. యాప్ వల్ల బ్యాటరీ అయిపోతుంది, దోమ పోదు. బ్యాండ్ పెట్టుకుంటే మణికట్టుకు అందం, మిగతా ఒళ్లంతా దోమకే. కుట్టేది ఆడదోమ, గుడ్లు పెట్టడానికి దానికి రక్తం కావాలి. నువ్వు వదిలే ఊపిరి, ఒంటి వేడి, చెమట వాసన పట్టుకుని వస్తుంది. క్రికెట్ ఆడొచ్చి కాళ్లు కడుక్కోకుండా హోంవర్క్‌కి కూర్చుంటావేమో చూసుకో. తాతను ఏమీ అనకు, 2006లో ఊళ్లకు ఊళ్లు నడుం వంగి నడిచినప్పుడు ఆ మాట చాలామంది నమ్మారు, పాపం కోళ్ల ధర కూడా పడిపోయిందని మా ఇంటి దగ్గర చెప్పుకున్నారు. చికెన్‌గున్యా అన్నది ఆఫ్రికాలో మకొండే భాషలోని మాట, వంగిపోవడం అని అర్థం, తెచ్చేది మళ్లీ ఆ చారల దోమే.

సైన్స్ మీద ఇష్టం ఉన్నట్టుంది కాబట్టి నీకో పని. దోమ కడుపులో మలేరియా క్రిమిని మొదటిసారి చూసింది 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాద్‌లోనే, రోనాల్డ్ రాస్ అనే డాక్టర్. నువ్వూ మీ డ్రమ్ములోంచి నాలుగైదు పురుగుల్ని గాజు సీసాలోకి నీళ్లతో సహా తీసి, మూతికి పలచటి గుడ్డ రెండు మడతలు వేసి కట్టి, రోజూ చూస్తూ ఉండు. ముందు కామాల్లా ముడుచుకుంటాయి, తరవాత ఒక పొద్దున గుడ్డ కింద దోమలు కూర్చుని ఉంటాయి. కాళ్ల మీద తెల్ల చారలున్నాయో లేవో చూసి నాకు ఉత్తరం రాయి. చూడటం అయ్యాక గుడ్డ విప్పకుండానే పైనుంచి వేడినీళ్లు పోసెయ్యి, ఆ పని మీ అమ్మ చేత చేయించు. గుడ్డ గట్టిగా కట్టు సుమా, ఊడిపోయి దోమలు బయటికొస్తే మీ అమ్మ నీతో పాటు నన్ను కూడా తిడుతుంది.